777 కొట్టే ముందు ఒక్క నిమిషం

విండోస్ పక్కనే ఉబుంటు వేసుకున్న బీటెక్ విద్యార్థుల్లో చాలామందికి ఇది అనుభవమే. ప్రాజెక్టు ఫైళ్లు, నోట్సు, సినిమాలు అన్నీ పాత డీ డ్రైవ్‌లోనే ఉంటాయి. ఉబుంటు నుంచి ఆ డ్రైవ్ తెరుచుకుంటుంది. ఫైళ్లు కనిపిస్తాయి, పాట కూడా ప్లే అవుతుంది. కానీ కొత్త ఫోల్డర్ చేద్దామంటే ఆ ఆప్షన్ మసగ్గా ఉండి పనిచేయదు. టెర్మినల్లో ప్రయత్నిస్తే 'పర్మిషన్ డినైడ్' అనో, 'రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్' అనో వస్తుంది.

హాస్టల్లో పక్క గది సీనియర్‌ని అడిగితే చెప్పే మందు ఒకటే: 'సుడో పెట్టి సీహెచ్‌మాడ్ 777 కొట్టెయ్'. కొడతారు. ఒక్కోసారి పనవుతుంది, చాలాసార్లు అవదు. అయితే ఎందుకైందో తెలియదు, కాకపోతే ఎందుకు కాలేదో తెలియదు. ఏ జ్వరమో చూడకుండా అందరికీ ఒకే మాత్ర వేసినట్టన్నమాట.

ల్యాప్‌టాప్ వరకైతే ఇది చిన్న చిరాకే. కానీ లైనక్స్ సపోర్ట్, క్లౌడ్, డెవాప్స్ ఉద్యోగాలకు వెళ్తే ఇదే ప్రశ్న ఇంకో వేషంలో ఎదురవుతుంది. 'సర్వర్‌కి కొత్త డిస్క్ తగిలించాం. మౌంట్ అయింది. అప్లికేషన్ మాత్రం అందులో రాయలేకపోతోంది. మీరైతే ముందు ఏం చూస్తారు?' దీనికి 777 అని జవాబిస్తే ఎదుటి మనిషికి ఓ సంగతి అర్థమైపోతుంది: ఈ అభ్యర్థి కారణం వెతకడు, తాళం పగలగొడతాడు. డీ డ్రైవ్ సమస్యను ఒక్కసారి పద్ధతిగా విప్పి చూస్తే ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకూ జవాబు మీ చేతిలో ఉన్నట్టే.

ఒక్క మాట. ఇక్కడ కమాండ్ల పేర్లు పలికే తీరులో రాశాను. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఉదాహరణకు సీహెచ్‌మాడ్ అంటే సీ, హెచ్, ఎం, ఓ, డీ.

ముందు ఆ మెసేజ్ చదవండి

ఎర్రర్ రాగానే దాన్ని పూర్తిగా చదవకుండానే మందు వెతకడం మనకు అలవాటు. లైనక్స్ మాత్రం ఈ విషయంలో నిజాయతీగా ఉంటుంది, ఒక్కో కారణానికి ఒక్కో మాట చెబుతుంది.

'పర్మిషన్ డినైడ్' అంటే కెర్నల్ మీరెవరో చూసింది, మీకు హక్కు లేదంది. దీని నంబర్ 13. 'రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్' పూర్తిగా వేరు, నంబర్ 30. ఇక్కడ మీరెవరన్న ప్రశ్నే లేదు. ఆ పార్టిషన్ మొత్తం చదవడానికి మాత్రమే మౌంట్ అయింది. రూట్ యూజర్ వచ్చినా రాయలేడు, 777 కొట్టినా లాభం లేదు. ఎందుకంటే పర్మిషన్లు మార్చడం కూడా డిస్క్ మీద రాయడమే! 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటే మీరడిగిన పనే అక్కడ కుదరదని, లేదంటే ఆ ఫైల్ యజమానికో రూట్‌కో మాత్రమే కుదురుతుందని.

ఇక 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'. ఇది పర్మిషన్ గొడవే కాదు, చోటు చాల్లేదంతే. ఇందులోనూ ఓ తమాషా ఉంది. ఈఎక్స్‌టీ4 పార్టిషన్ చేసినప్పుడు మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం పక్కన పెట్టేస్తుంది. అందుకే మీకు చోటు లేదంటుంది, సుడోతో రాస్తే రాసేస్తుంది. చూసినవాళ్లు పర్మిషన్ సమస్యే అనుకుంటారు. డీఎఫ్ మైనస్ హెచ్ అని కొడితే విషయం బయటపడుతుంది.

మెసేజ్ అర్థమయ్యాక మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఏ ఫైల్ సిస్టమ్? ఎల్‌ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్ కొడితే ప్రతి పార్టిషన్ పక్కనా దాని రకం, యూయూఐడీ కనిపిస్తాయి. ఎలా మౌంట్ అయింది? ఫైండ్‌ఎంఎన్‌టీ అని కొట్టి పక్కన మౌంట్ ఫోల్డర్ దారి ఇవ్వండి. ఆప్షన్ల వరుసలో మొదట ఆర్‌డబ్ల్యూ ఉంటే రాయొచ్చు, ఆర్‌ఓ ఉంటే రాయలేరు. యజమాని ఎవరు? ఆ ఫోల్డర్ మీద ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌డీ, దాంతోపాటు మీ నంబర్ తెలుసుకోవడానికి ఐడీ. ఈ వరుస ముఖ్యం. మొదటి ప్రశ్నకు జవాబు తెలియకుండా మూడోదానికి దూకేవాళ్లే 777 దగ్గర చిక్కుకుంటారు.

డీ డ్రైవ్‌ను పట్టుకు కూర్చున్న విండోస్

మీ డీ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయి, ఆప్షన్లలో ఆర్‌ఓ కనిపిస్తే, మొదట అనుమానించాల్సింది ఉబుంటుని కాదు, విండోస్‌ని.

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే సౌకర్యం వచ్చింది. మీరు షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగిపోదు. మీ లాగిన్ మూసేసి, కెర్నల్ స్థితిని మాత్రం హైబర్నేషన్ ఫైల్లో దాచుకుని కునుకు తీస్తుంది. మళ్లీ ఆన్ చేస్తే తొందరగా లేవడానికి ఈ ఏర్పాటు. అంటే విండోస్ దృష్టిలో డీ డ్రైవ్ ఇంకా తెరిచే ఉంది. అందులో ఏమేం ఉన్నాయో దాని జ్ఞాపకంలో ఓ లెక్క ఉంది. ఈలోగా మీరు ఉబుంటు నుంచి వెళ్లి ఆ డ్రైవ్‌లో ఏదైనా మార్చారనుకోండి. విండోస్ లేచి తన పాత లెక్క ప్రకారం రాసుకుంటూ పోతుంది. రెండు లెక్కలూ కలవవు. ఫైళ్లు పాడవుతాయి.

లైనక్స్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవర్లకు ఈ ప్రమాదం తెలుసు. అందుకే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవర్ 'విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి' అని చెప్పి, డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. 2021లో లైనక్స్ 5.15తో కెర్నల్‌లోకి వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ కూడా సరిగా మూయని డ్రైవ్‌ను చూస్తే మౌంట్ చేయడానికి ఒప్పుకోదు. మనం అడ్డంకి అనుకునేది నిజానికి మన ఫైళ్లకు కాపలా.

కాబట్టి మందు కూడా విండోస్‌లోనే ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు, అక్కడ పైన కనిపించే అడ్మిన్ లింకు నొక్కి, కింద ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. ఆ తర్వాత ఒకసారి షట్‌డౌన్ చేసి ఉబుంటులోకి రండి. సెట్టింగ్ మార్చేంత సమయం లేకపోతే విండోస్‌లో షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి, బూట్ మెనూలో ఉబుంటు ఎంచుకోండి. రీస్టార్ట్‌కు ఫాస్ట్ స్టార్టప్ వర్తించదు. విండోస్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చిన తర్వాత ఆ టిక్ మళ్లీ చూసుకోవడం మంచిది.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ గురించి కూడా వినే ఉంటారు. డ్రైవ్ మీదున్న 'సరిగా మూయలేదు' అన్న గుర్తును చెరిపి, చిన్నాచితకా తేడాలు సరిచేసే పని దానిది. విండోస్‌లోని చెక్‌డిస్క్‌కి అది ప్రత్యామ్నాయం కాదు. కరెంటు పోయి ల్యాప్‌టాప్ టక్కున ఆగిపోయిన సందర్భంలో ముందు విండోస్‌లో చెక్‌డిస్క్ నడపండి. హైబర్నేషన్ ఫైల్‌నే తీసిపారేసే మౌంట్ ఆప్షన్ కూడా ఒకటుంది. విండోస్‌ని నిజంగానే హైబర్నేట్ చేసి ఉంటే అందులో సేవ్ చేయకుండా వదిలేసిన పనంతా దాంతోపాటే పోతుంది. ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు అక్కడే ఉంటే నేనైతే దాని జోలికి వెళ్లను.

యజమాని లేని ఇల్లు

పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు సాధారణంగా ఫ్యాట్32లోనో ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఉంటాయి. ఈ రెండింటిలో యజమాని, గ్రూప్ రాసుకోవడానికి అసలు చోటే లేదు. మరి ఎల్‌ఎస్ కొడితే యజమాని పేరు ఎలా కనిపిస్తోంది? మౌంట్ చేసేటప్పుడు ఇచ్చిన ఆప్షన్లను బట్టి లైనక్స్ అన్ని ఫైళ్లకూ ఒకే పేరు తగిలిస్తుంది. మామూలుగా ఫైల్ మేనేజర్‌లో క్లిక్ చేస్తే మీ పేరు తగిలిస్తుంది కాబట్టి ఇబ్బంది రాదు. టెర్మినల్లో సుడో మౌంట్ అని ఉత్తినే కొడితే రూట్ పేరు తగులుతుంది, మీరు బయటివారైపోతారు.

ఇక్కడ సీహెచ్‌మాడ్ కొడితే చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు. మారేదీ ఏమీ ఉండదు. ఫ్యాట్ మీద సీహెచ్‌ఓన్ కొడితే మాత్రం 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ కూడా మామూలు మౌంట్‌లో ఈ రెండు కమాండ్లనూ చప్పుడు చేయకుండా పక్కన పెట్టేస్తుంది. సీనియర్ చెప్పిన మందు పనిచేయకపోవడానికి అసలు కారణం ఇదే.

సరైన దారి, డ్రైవ్‌ని యుమౌంట్ చేసి, మళ్లీ మౌంట్ చేసేటప్పుడే యజమానిని చెప్పడం. మైనస్ ఓ తర్వాత యూఐడీ ఈక్వల్స్ 1000, జీఐడీ ఈక్వల్స్ 1000, యుమాస్క్ ఈక్వల్స్ 022 అని కామాలతో, మధ్యలో ఖాళీ లేకుండా ఇవ్వాలి. ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసినప్పుడు తయారైన మొదటి యూజర్ నంబర్ 1000. మీది వేరైతే ఐడీ కమాండ్ చెబుతుంది. యుమాస్క్ అంటే ఇచ్చేది కాదు, కోసేది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అన్న లెక్క గుర్తుందిగా! 022 అంటే గ్రూప్‌కీ, మిగతావాళ్లకీ రాసే హక్కు కోసేయమని. మిగిలేది 755. అన్నట్టు, కమాండ్ పేరు అన్‌మౌంట్ కాదు, మొదటి ఎన్ లేకుండా యు, ఎం, ఓ, యు, ఎన్, టీ.

ఎస్‌డీ కార్డు రీడ్ ఓన్లీ అంటే ఏ కమాండూ కొట్టకముందు దాని పక్కనున్న చిన్న లాక్ మీట కిందికి జారిందేమో చూడండి. నవ్వొద్దు.

అసలు సిసలు లైనక్స్ పార్టిషన్

ఇప్పుడు ఇంటర్వ్యూలో అడిగే భాగం. ఈఎక్స్‌టీ4 పార్టిషన్ కొత్తగా ఫార్మాట్ చేస్తే దాని పై ఫోల్డర్ యజమాని రూట్, పర్మిషన్ 755. మౌంట్ చేస్తారు, రాయలేరు. ఇది తప్పు కాదు, మొదట అలాగే ఉంటుంది. ఇక్కడ సీహెచ్‌ఓన్ నిజంగా పనిచేస్తుంది. సుడో సీహెచ్‌ఓన్, మీ యూజర్ పేరు, కోలన్, మీ గ్రూప్ పేరు, ఆ తర్వాత మౌంట్ ఫోల్డర్ దారి. అంతే.

అయితే ఎప్పుడు కొట్టాలన్నదే కిటుకు. మౌంట్ చేయకముందు ఖాళీ ఫోల్డర్‌కి సీహెచ్‌ఓన్ కొట్టి, ఆ తర్వాత మౌంట్ చేసి, 'మళ్లీ రూట్‌కే మారిపోయిందేంటి' అని తల పట్టుకుంటారు చాలామంది. ఏదీ మారలేదు. పార్టిషన్ మౌంట్ కాగానే ఆ ఖాళీ ఫోల్డర్ దాని కింద దాగిపోతుంది. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది పార్టిషన్ సొంత పై ఫోల్డర్, దాని యజమాని దానికి వేరే. యుమౌంట్ చేస్తే పాత ఫోల్డర్, మీరు పెట్టిన యజమానితో సహా, అలాగే బయటపడుతుంది. మౌంట్ అయ్యాక ఒక్కసారి సీహెచ్‌ఓన్ కొడితే ఆ సమాచారం పార్టిషన్‌లోనే నిలిచిపోతుంది, రీబూట్ చేసినా పోదు.

పాత కంప్యూటర్ నుంచి తీసిన లైనక్స్ డిస్క్‌ని మీ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఇంకో వింత. డిస్క్ మీద యజమాని పేరు ఉండదు, నంబరే ఉంటుంది. అక్కడ మీ నంబర్ 1001, ఇక్కడ 1000 అయితే మీ ఫైళ్లకే మీరు పరాయివారు. అదే 1001 ఇక్కడ మీ తమ్ముడి లాగిన్‌ది అయితే అన్నీ వాడి పేరు మీద కనిపిస్తాయి.

మామూలుగా పనిచేస్తున్న ఈఎక్స్‌టీ4 పార్టిషన్ ఉన్నట్టుండి రీడ్ ఓన్లీ అయిపోతే మాత్రం దాన్ని పర్మిషన్ సమస్యగా చూడొద్దు. డిస్క్‌లో లోపం కనబడితే అలా మారిపోయేలా చాలా సిస్టమ్‌లలో ముందే పెట్టి ఉంటుంది. సుడోతో డీఎంఈఎస్‌జీ కొట్టి చివరి వరుసలు చదవండి. ఐ/ఓ ఎర్రర్ లాంటి మాటలు కనిపిస్తే ముందు ముఖ్యమైన ఫైళ్లు ఇంకో చోటికి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే యుమౌంట్ చేసి ఎఫ్‌ఎస్‌సీకే. మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద ఎఫ్‌ఎస్‌సీకే నడపకూడదు.

రీబూట్ అయినా నిలవాలంటే

ప్రతిసారీ మౌంట్ ఆప్షన్లు కొట్టలేం కాబట్టి వాటిని ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఒక వరుసగా రాస్తాం. అందులో ఆరు గడులు: పార్టిషన్ యూయూఐడీ, మౌంట్ ఫోల్డర్, ఫైల్ సిస్టమ్ రకం, ఆప్షన్లు, చివర రెండు అంకెలు. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫ్యాట్ డ్రైవ్‌లకు ఆ రెండూ సున్నాలే పెట్టుకోండి. ఆప్షన్లలో నోఫెయిల్ తప్పకుండా చేర్చండి. అది లేకపోతే, ఆ డ్రైవ్ దొరకనప్పుడు సిస్టమ్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. రేపు పొద్దున్నే ల్యాబ్ ఎగ్జామ్ ఉన్న రాత్రి చూడాల్సిన స్క్రీన్ కాదది.

యూజర్ అనే ఆప్షన్ పెడితే ఎవరైనా మౌంట్ చేసుకోవచ్చు, కానీ దాంతోపాటు నోఎగ్జెక్ కూడా చెప్పకుండా వచ్చేస్తుంది. అప్పుడు ఆ డ్రైవ్‌లోని స్క్రిప్టు నడిపితే మళ్లీ 'పర్మిషన్ డినైడ్'. దాని తర్వాత ఎగ్జెక్ అని చేరిస్తే సరి.

ఫైల్ సేవ్ చేయగానే రీబూట్ నొక్కొద్దు. ఫైండ్‌ఎంఎన్‌టీకి రెండు మైనస్‌లతో వెరిఫై అని ఇస్తే వరుసలోని తప్పులు పట్టిస్తుంది. తర్వాత డ్రైవ్‌ని యుమౌంట్ చేసి సుడో మౌంట్ మైనస్ ఏ. ఇప్పటికే మౌంట్ అయి ఉన్నదాన్ని ఆ కమాండ్ ముట్టుకోదు కాబట్టి యుమౌంట్ తప్పనిసరి.

ఇంటర్వ్యూ గదిలో ఇదే కథ

అమెజాన్ క్లౌడ్‌లో ఈసీ2 సర్వర్‌కి కొత్త ఈబీఎస్ డిస్క్ జోడించి, ఫార్మాట్ చేసి మౌంట్ చేస్తే దాని యజమాని రూటే. ఈసీ2-యూజర్ రాయలేడు. పైన చదివిన ఈఎక్స్‌టీ4 కథే ఇది. డాకర్‌లో మీ ఫోల్డర్‌ని కంటెయినర్‌కి ఇస్తే లోపలి ప్రోగ్రామ్ నడిచే నంబర్, బయట ఫోల్డర్ యజమాని నంబర్ కలవకపోతే 'పర్మిషన్ డినైడ్'. తమ్ముడి లాగిన్ కథ. ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ మీద సుడో కూడా పనిచేయట్లేదంటే, అవతలి సర్వర్ మీ రూట్‌ని అనామక యూజర్‌గా మార్చేస్తోందని అర్థం. దాని పేరు రూట్ స్క్వాష్. రెడ్ హ్యాట్ సర్వర్లో పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా కాదంటే ఎస్‌ఈలైనక్స్ లేబుల్ చూడాలి. ఆ ఎస్‌ఈలైనక్స్‌నే ఆఫ్ చేసేయడం, నన్నడిగితే, 777కి అన్న లాంటిది.

మీ ఒక్కరి ల్యాప్‌టాప్‌లో ఖాళీ పార్టిషన్ మీద 777 కొడితే కొంపలేం మునగవు, నిజమే. సర్వర్లో అలా కాదు. ఎవరి ప్రోగ్రామైనా మీ ఫైళ్లను మార్చొచ్చు, చెరపొచ్చు. ఇక మైనస్ ఆర్ చేర్చి తప్పు ఫోల్డర్ మీద కొడితే, ఎస్‌ఎస్‌హెచ్ తన కీ ఫైల్ అందరికీ తెరిచి ఉందని లాగిన్‌కు నిరాకరిస్తుంది. సిస్టమ్ మొత్తం మీద కొడితే సుడో ప్రోగ్రామే తన ప్రత్యేక హక్కు కోల్పోయి పనిచేయడం మానేస్తుంది. సరిచేయడానికి సుడో కావాలి, సుడో లేదు! పది మంది కలిసి రాయాల్సిన ఫోల్డర్ అయితే దానికో గ్రూప్ పెట్టి 2775 ఇవ్వండి. ముందున్న 2 వల్ల అందులో పుట్టే ప్రతి ఫైల్ ఆ గ్రూప్‌దే అవుతుంది.

సర్టిఫికేషన్ ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో మాట. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో ఆప్షన్లు టిక్ పెట్టేది ఉండదు, సిస్టమ్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి. 300కి 210 వస్తే పాస్. యూయూఐడీతో మౌంట్ చేయడం, పర్మిషన్ సమస్యలు సరిచేయడం సిలబస్‌లో ఉన్నవే. చేసిన మార్పు రీబూట్ తర్వాత కూడా నిలవాలి.

ఇదంతా సాధన చేయడానికి అమీర్‌పేటలో ఫీజు కట్టక్కర్లేదు, రెండో డిస్క్ కూడా అక్కర్లేదు. మీ హోమ్ ఫోల్డర్‌లో ట్రంకేట్ మైనస్ ఎస్ 200ఎం, పక్కన ఏదో ఒక ఫైల్ పేరు కొట్టండి. ఇక్కడ ఎం మాత్రం పెద్ద అక్షరం. 200 ఎంబీ ఉత్తుత్తి డిస్క్ తయారవుతుంది. దానిమీద ఎంకేఎఫ్‌ఎస్ డాట్ ఈఎక్స్‌టీ4 నడపండి. ఫైల్ పేరే ఇస్తున్నారా, అసలు డిస్క్ పేరు ఇస్తున్నారా అని రెండుసార్లు చూసుకుని మరీ ఎంటర్ నొక్కండి. ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, సుడో మౌంట్ మైనస్ ఓ లూప్‌తో ఆ ఫైల్‌ని అక్కడ మౌంట్ చేయండి. లోపల టచ్ కమాండ్‌తో ఒక ఫైల్ చేయబోతే 'పర్మిషన్ డినైడ్'. సీహెచ్‌ఓన్ కొట్టాక అదే పని అవుతుంది. ఇప్పుడు మైనస్ ఓ తర్వాత రీమౌంట్, కామా, ఆర్‌ఓ అని మౌంట్ మార్చి, ఈసారి సుడోతో టచ్ చేసి చూడండి. మెసేజ్ మారుతుంది. యుమౌంట్ చేసి, అదే ఫైల్‌ని ఎంకేఎఫ్‌ఎస్ డాట్ వీఫ్యాట్‌తో మళ్లీ ఫార్మాట్ చేసి, మామూలుగా మౌంట్ చేసి సీహెచ్‌ఓన్ ప్రయత్నించండి. తర్వాత యూఐడీ ఆప్షన్‌తో మౌంట్ చేసి తేడా చూడండి. అరగంట పని.

మధ్యలో యుమౌంట్ కొడితే 'టార్గెట్ ఈజ్ బిజీ' అంటే కంగారొద్దు. మీ టెర్మినల్ ఆ ఫోల్డర్ లోపలే నిలబడి ఉంటుంది. సీడీ కొట్టి బయటికొచ్చి మళ్లీ ప్రయత్నించండి.